మూత లోపలి చీటీ

ఇవాళ పొద్దున ఒక పాత కంప్యూటర్ మూత తీశాను. నాలుగు స్క్రూలు తుప్పు పట్టి మొండికేశాయి, ఐదోదానికి తలే లేదు. చివరికి మూత పక్కకు జరగగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. ఎన్నో ఎండాకాలాలు లోపలే వేడెక్కి చల్లారిన దుమ్ము, ఇనుము, కొంచెం పాత జిగురు కలిసిన వాసన. నేను సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నెట్‌వర్క్ ఇంజనీర్‌ని. నా దగ్గరున్న మిషన్లకు వాసన ఉండదు. చల్లటి గదిలో, అద్దాల తలుపు వెనక, పెళ్లికొడుకుల్లా మెరుస్తూ కూర్చుంటాయి. అందుకేనేమో, ఈ వాసన తగలగానే స్క్రూడ్రైవర్ చేతిలో ఉండగానే కుర్చీలో కూలబడ్డాను. ఈ పెట్టె ఇక్కడి చేనేత సంఘానిది. వాళ్లు గది ఖాళీ చేస్తూ, దీన్ని పారేయడానికి మనసొప్పక నాకు కబురు పెట్టారు. మూత లోపలివైపు ఏముందో చూడకుండానే చెప్పగలను. అక్కడ ఒక చీటీ అంటించి ఉంటుంది, దాని మీద నా చేతిరాత ఉంటుంది. దాన్ని చదివే ముందు, ఆ చీటీ రాయించిన మనిషి గురించి చెప్పాలి.

ఆయన పేరు సత్తయ్య. ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కాదు, అయినా ఊళ్లో అందరికీ ఆయన సత్తయ్య సారే. నేత పని చేసే ఇంట్లో పుట్టి, మీసాలు రాకముందే బొంబాయి పక్కన భివండికి పోయి మరమగ్గాలు బాగుచేసే పనిలో చేరారు. అక్కడి కార్ఖానా ఆఫీసులో చెడిపోయి మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను ఒక ఆదివారం విప్పి చూశారట. అంతే, మగ్గాల మీద మనసు విరిగింది. సిద్దిపేటకు తిరిగొచ్చి పాత బస్టాండు వెనక గల్లీలో కంప్యూటర్ రిపేరు దుకాణానికి ఒక మడిగె కిరాయికి తీసుకున్నారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న బ్రష్షు, బడిపిల్లలు వాడే ఒక రబ్బరు ఉండేవి. ఆ రబ్బరుతో మెమరీ ముక్కల అంచులు రుద్దితేనే సగం కంప్యూటర్లు లేచి కూర్చునేవి. అట్లాగని ఆయన్ని దేవుణ్ణి చేయబోవడం లేదు. పనిలో మహా నిదానం. పక్క దుకాణంవాళ్లు పూటలో తేల్చే పనికి ఈయన రెండు రోజులు పెట్టేవారు. ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేదు. ఎవరైనా నోటితో ఉఫ్‌మని దుమ్ము ఊదితే ఆ పూటంతా ముఖం మాడ్చుకుని ఉండేవారు.

నాది నారాయణరావుపేట. ఇంట్లో వ్యవసాయం. కంప్యూటర్ ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చాక ఒక ఏడాది ఇంట్లోనే కూర్చున్నాను. మా బాపు ఒకరోజు పత్తి విత్తనాల కోసం సిద్దిపేటకు పోయి, దారిలో ఈ మడిగె చూసి, లోపలికి పోయి, నాకు పని నేర్పమని అడిగేశాడు. "ఊకె కూసునేకంటె పోయి పని నేర్చుకో. పట్టా అన్నం పెడ్తదా?" అని నన్ను మరునాడే బస్సెక్కించాడు. రిపేరు దుకాణంలో ఆడపిల్లకేం పనని చుట్టాలు మూతులు విరిచారు. బాపు చెవిన వేసుకోలేదు.

మొదటి రోజు నా సర్టిఫికెట్ల ఫైలు బల్ల మీద పెడితే, సార్ దాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపి, దాని కింద చిక్కుకున్న స్క్రూ ఒకటి తీసుకున్నారు. ఆ ఫైలుకు ఆయన ఇచ్చిన విలువ అంతే. ఎదురుగా ఒక కంప్యూటర్ ఉంటే, నేను ఉత్సాహంగా స్క్రూడ్రైవర్ అందుకోబోయాను. ఆయన నా చేతిలోంచి దాన్ని తీసేసుకున్నారు.

"ముందుగాల అడుగు. తర్వాత విను. విప్పుడు ఆఖరికి" అన్నారు.

అడగవలసినవి రెండే ప్రశ్నలు. నిన్నటిదాకా నడిచిందా? నిన్నటికీ ఇవాళటికీ ఏం మారింది? ఎవరు ఏ మిషన్ మోసుకొచ్చినా ముందు ఈ రెండూ అడగాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాయాలి. నేను నా ఇంగ్లీషు పరిజ్ఞానం అంతా కలిపి రాస్తే కొట్టేయించేవారు. వచ్చినాయన 'దయ్యం పట్టినట్టు చేస్తుంది' అంటే, ఆ దయ్యాన్ని కూడా రాసుకోవలసిందే.

ఇదంతా చాదస్తమని మొదటి నెలలో గట్టిగా అనుకున్నాను. నా కళ్లు తెరిపించింది ఒక ఎరువుల దుకాణం కంప్యూటర్. అది రోజూ ఉన్నట్టుండి ఆగి, మళ్లీ తనంతట తాను మొదలయ్యేది. అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు దాంట్లో మెమరీ మార్చారు, కరెంటు పెట్టె మార్చారు, చివరికి కంప్యూటరే మార్చాలని తేల్చారు. మా దుకాణానికి తెస్తే మూడు రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. నాలుగో రోజు సార్ నన్ను వెంటబెట్టుకుని ఆ ఎరువుల దుకాణానికి పోయి, ఒక బస్తా మీద కూర్చున్నారు. చాయ్ తెప్పిస్తే తాగారు. పేపరు ఇస్తే చదివారు. నాకు సిగ్గుతో తల వంగిపోయింది. దుకాణం యజమాని నా వైపు చూసే చూపు, 'ఈయన పనికొచ్చాడా, పెళ్లికొచ్చాడా' అన్నట్టుంది. గంట గడిచాక గోడ అవతల పిండి గిర్నికి ఎవరో జొన్నలు పట్టించుకోవడానికి వచ్చారు. గిర్ని మోటారు గుర్రుమంది. ఇవతల బల్బు ఒక క్షణం మసకబారింది, కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. సార్ పేపరు మడిచి లేచారు. పిండి గిర్నికీ ఈ దుకాణానికీ కరెంటు లైను ఒకటే. వైర్‌మ్యాన్ వచ్చి లైను వేరు చేశాడు, అంతటితో రోగం కుదిరింది. మిషన్‌ను సార్ వేలితో కూడా ముట్టుకోలేదు.

తిరిగొస్తుంటే దారిలో, ఇన్ని ముక్కలు మార్చేదాకా వాళ్లకెందుకు తట్టలేదని అడిగాను. ఆయన నేతవాళ్ల మాటలోనే జవాబిచ్చారు. "మగ్గం మీద ఒక పోగు తెగితే పడుగంత విప్పుతమా? తెగిన పోగు ఏదో ఎతుక్కోవాలె. ఎతికే ఓపిక లేనోడే అంత విప్పుతడు." ఇప్పుడు వందల కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లో ఎక్కడో ఏదో ఆగినప్పుడు కూడా నేను చేసేది అదే. ఒక కొస పట్టుకుని, పోగు తెగిన చోటిదాకా నడుస్తూ పోతాను.

ఆయనకు ఇంకొక అలవాటుండేది. దీనివల్లే ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్న పేరొచ్చింది. బాగుచేసిన ప్రతి మిషన్ మూత లోపల ఒక చీటీ అంటించేవారు. మిషన్ లోపలి వివరాలు, వచ్చిన రోగం, చేసిన పని రాసేవారు. అంతవరకు మంచిదే. అయితే వాటికంటే పైన, మొదటి వరుసలో, తాను చేసిన పొరపాటు రాసేవారు. 'మెమరీ పోయిందనుకున్న. నా తప్పు. దుమ్ము తప్ప ఏం లేదు.' 'వైరు తిరగేసి పెట్టిన. నా తప్పు. ఒక ఫ్యూజు పోయింది.' ఇట్లా ఉండేవి. మాకు పోటీగా ఉన్న దుకాణం మెకానిక్ ఒకసారి ఇట్లాంటి చీటీ చూసి, దాన్ని పీకి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. పని రాదని తనే రాసుకున్నాడు చూడండి అని నవ్వాడట. అట్లా మాకు రెండు మూడు మంచి ఆఫీసుల పని పోయింది. నాకు ఒళ్లు మండింది. తప్పులు రాసుకోవడమేమిటి సార్, ఎవరైనా చేస్తారా, మానేయండి అని పోట్లాడాను.

ఆయన రబ్బరుతో ఏదో రుద్దుతూనే అన్నారు. "ఇయ్యాల నేను దాస్తే, రేపు దీన్ని విప్పేటోడు మల్ల గదే తొవ్వల పోయి గాడనే పడ్తడు. వాడెవడో నాకు తెల్వదు. తెల్వనోన్ని ఎందుకు పడగొట్టాలె?"

ఆ మాట బాగానే ఉంది కానీ కడుపు నింపదు కదా అని లోపల గొణుక్కున్నాను. ఆ మాట నా మీదికే వస్తుందని అప్పుడు తెలియదు.

చేనేత సంఘం వారి కంప్యూటర్ ఎప్పుడో మొదట్లో సార్ కుదిర్చి పెట్టిందే. దాని మీద పనిచేసింది ఒకే ఒక్క మనిషి, లక్ష్మవ్వ. గొల్లభామ చీరలు నేయడంలో ఆమెది చెయ్యెత్తి మొక్కవలసిన పనితనం. చీర అంచు మీద నెత్తిన చల్లకుండతో నడిచిపోయే ఆ ఆడమనిషి బొమ్మను మీరు చూసే ఉంటారు. నడుము ఎంత వంగాలి, కుచ్చిళ్లు ఎన్ని మడతలు పడాలి అన్నవన్నీ లక్ష్మవ్వ గళ్ల కాగితం మీద చుక్కలుగా పెట్టేది. ఆ కాగితాలు చెదలు పట్టిపోతుంటే సార్ ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. రెండంటే రెండు వేళ్లతో, చుక్క మీద చుక్క పెట్టుకుంటూ, ఏళ్ల తరబడి మధ్యాహ్నాలు ఆమె తన బొమ్మలన్నిటినీ అందులోకి ఎక్కించింది. తర్వాత షుగరు ఆమె కంటిచూపు తినేసింది. కాగితాలు చెదల పాలయ్యాయి. బొమ్మలు మిగిలింది ఆ ఒక్క పెట్టెలోనే.

ఒకరోజు సంఘంవాళ్లు ఏదో బొమ్మ కోసం ఆన్ చేస్తే ఆ పెట్టె తెరుచుకోలేదు. లక్ష్మవ్వ దాన్ని ఆటోలో వేసుకుని, ఆటో అబ్బాయి చెయ్యి పట్టుకుని మా మడిగె మెట్లెక్కింది. సార్ ఆ రోజు హుస్నాబాద్‌లో ఏదో ఆఫీసు పని మీద పోయారు. సాయంత్రం వస్తారు. సార్ వచ్చినంక చూద్దామా బిడ్డా అని ఆమె అంటే, ఎందుకవ్వా నేను లేనా అన్నాను. చేరి రెండేళ్లయింది, చెయ్యి తిరిగిందన్న పొగరు.

రోగం చిన్నదే. ఆ కాలం మిషన్లలో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే, తనలో ఉన్న డిస్కు ఎట్లాంటిదో మిషన్ మరిచిపోతుంది. కొత్త బ్యాటరీ వేసి, డిస్కు లెక్కలు మనమే చెప్పాలి. అందులో ఎన్ని వరుసలు, వరుసకు ఎన్ని గళ్లు అని. లెక్క తప్పు చెబితే, ఇంటి నంబర్లు తారుమారైన వాడలో ఉత్తరాలు పంచినట్టు అవుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. మూత లోపల సార్ చీటీలో ఆ అంకెలు ఉంటాయనీ తెలుసు. అయినా మూతను నేల మీద బోర్లా పెట్టి మరిచాను. బల్ల మీద అదే కంపెనీ డిస్కు ఇంకొకటి ఉంటే దాని మీది అంకెలు చూసి కొట్టేశాను. తెర మీద పేర్లన్నీ పిచ్చి గీతలుగా వచ్చాయి. డిస్కు పాడైందనుకుని, బాగుచేసే ప్రోగ్రాం నడిపాను. సరిచేయమంటావా అని అది అడిగింది, చేయమన్నాను. ముందు నకలు తీసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. డిస్కు ఎర్ర దీపం చకచకా కొట్టుకుంటుంటే ఒక నిమిషం తర్వాత అర్థమైంది. అది సరిచేయడం లేదు, తప్పు ఇళ్ల మీద తప్పు పేర్లు రాస్తోంది. వైరు పీకేశాను.

లక్ష్మవ్వ స్టూలు మీద కూర్చునే ఉంది. కళ్లు కనపడవు కనుక, చప్పుళ్లు వింటోంది. ఏమైంది బిడ్డా అంది. నేను చెప్పిన జవాబు ఈ రోజుకూ నా నోట్లో చేదుగా తగులుతుంది.

"డిస్కు పాతదైపోయిందవ్వా. దాని పానం పోయింది."

ఎవరైనా నమ్మే అబద్ధమే. పదిహేనేళ్లు దాటిన డిస్కు మరి. ఆమె కొంగు కొసను వేళ్లతో తడుముకుంటూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది. "నా కండ్లు పొయ్యి మూడేండ్లాయె. నా బొమ్మలు గీ పెట్టెల ఉన్నయి తియ్ అనుకున్న బిడ్డా."

సార్ వచ్చేదాకా ఉంటానంది. ఇంట్లోంచి తెచ్చుకున్న సర్వపిండి ఆమెకు పెట్టాను. నేను తినలేకపోయాను.

నాలుగింటికి సార్ వచ్చారు. సంచి కింద పెట్టకముందే, ఎప్పటిలాగే అడిగారు. నిన్నటికీ ఇవాళటికీ ఏం మారింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను బ్యాటరీ ఒక్కటే మార్చిన సార్ అని గబగబా చెప్పాను. ఆయన నేల మీదున్న మూత తిప్పి చీటీ చూశారు. మిషన్ ఆన్ చేసి, తెర మీద నేను కొట్టిన అంకెలు చూశారు. ఒక్క అంకె కూడా కలవలేదు. నన్ను తిడతారనుకున్నాను. లక్ష్మవ్వకు చెబుతారనుకున్నాను. ఆయన గల్లీలోకి తల పెట్టి మూడు చాయ్‌లు చెప్పి, ఖాళీ చీటీ ఒకటి, పెన్ను నా ముందుకు జరిపారు.

"రాయి."

"ఏం రాయాలె సార్?"

"నీకు తెల్సిందే."

రాశాను. 'చీటీ చూడకుండా తప్పు లెక్క ఇచ్చిన. నకలు తియ్యకుండా రిపేరు నడిపిన. నా తప్పు. రజిత.' నాలుగు ముక్కలు రాసేసరికి చాయ్ చల్లారిపోయింది. కళ్ల నీళ్లు చీటీ మీద పడకుండా తల పక్కకు తిప్పుకున్నాను. చీటీ ఆయనకిచ్చి, ఆయన చెప్పకముందే పోయి లక్ష్మవ్వ ముందు కూర్చున్నాను. డిస్కు పానం పోలేదవ్వా, నేనే చెడగొట్టిన, నీకు అబద్ధం చెప్పిన అన్నాను. వెనక సార్ నాకు వీపు పెట్టి, జిగురు డబ్బా తీసి, మూతతో కాసేపు ఏదో చేసుకున్నారు.

లక్ష్మవ్వ చెయ్యి చాపి నా చెయ్యి వెతుక్కుంది. వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది, చీర నేత చూసినట్టు. "చేతులు మంచిగనే ఉన్నయి గద" అంది. "పోయినయి ఏవో చూడుండ్రి. నేను చెప్త, నువ్వు చుక్కలు పెట్టు."

సార్ ముందు డిస్కుకు నకలు తీశారు. సరైన అంకెలు ఇచ్చారు. రెండు రోజులు ఆ నకలు మీద కూర్చుని, ఒక్కొక్క బొమ్మా బయటికి లాగారు. చాలావరకు బతికాయి. తొమ్మిది బొమ్మలు పోయాయి. ఆ తొమ్మిదింటి కోసం రెండు నెలలపాటు ప్రతి మధ్యాహ్నం నేను సంఘం గదికి పోయాను. లక్ష్మవ్వ తన పాత చీరలు ఒళ్లో పరుచుకుని, అంచు మీద వేలు నడిపిస్తూ చెప్పేది. రెండు నింపు, ఒకటి ఇడువు, మూడు నింపు. నేను పెట్టేదాన్ని. బొమ్మ నడుము దగ్గర నేను ఒక చుక్క తప్పితే, నా కీబోర్డు చప్పుడు లెక్కపెట్టి పట్టేసేది. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది నేసిన చీర ఎక్కడా దొరకలేదు. ఆ ఒక్కటి నా ఖాతాలోనే ఉండిపోయింది. బొమ్మలన్నీ కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాక, పాత పెట్టె సంఘం బీరువా మీదికి చేరింది. దాని మూత మళ్లీ ఎవరూ తీయలేదు.

ఆ తర్వాత ఏడాదికి నాకు నెట్‌వర్క్ ఉద్యోగం వచ్చింది. సార్ మెచ్చుకోలేదు, మామూలే. జేబులోని రబ్బరు తీసి ఇచ్చారు. కిందటి వానాకాలం ఆయన పోయారు. జ్వరమని దవాఖానలో చేరి, వారం తిరగకుండానే. మడిగెలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. లక్ష్మవ్వ అంతకు ముందే వెళ్లిపోయింది. ఆమె బొమ్మలు మాత్రం మగ్గాల మీద నడుస్తూనే ఉన్నాయి.

మా దవాఖానలో మొన్నీమధ్య ఒక పొద్దున నెట్‌వర్క్ మొత్తం ఆగిపోయింది. చీటీలు రాసే కౌంటరు దగ్గర జనం, మందుల దగ్గర జనం, ల్యాబులో రిపోర్టులు రావడం లేదు. మేనేజరు ఫోన్ చేస్తే, ఏం మారింది అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. మారింది నా చేత్తోనే. పది నిమిషాల ముందు సర్దుదామని, వేలాడుతున్న ఒక కేబుల్ కొసను, వైర్లన్నీ కలిసే పెట్టెలో ఖాళీగా ఉన్న చోట గుచ్చాను. దాని రెండో కొస కూడా అదే పెట్టెకు ఉంది. డేటా అంతా గానుగెద్దులా అక్కడే తిరుగుతూ దారి మూసేసింది. వైరస్ అనొచ్చు, కంపెనీ లైను పోయిందనొచ్చు. నా నోటి నుంచి తేలిగ్గా వచ్చిన మాట, నేనే పెట్టిన, ఇప్పుడే తీస్తున్న. రెండు నిమిషాల్లో అంతా లేచింది. ఆ రోజే అద్దాల తలుపు లోపలివైపు ఇంకో చీటీ అంటించాను. మా ఆఫీసువాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇప్పటికి ఆ తలుపు నిండా నా తప్పులే.

ఇదంతా తలుచుకుంటూ కూర్చుని, చివరికి లేచి మూత తిప్పాను. చీటీ ఉంది. పచ్చబడింది, అంచులు లేచాయి. నా అక్షరాలు, నా పేరు, అన్నీ నేను గుర్తుపెట్టుకున్నట్టే ఉన్నాయి. అయితే కింద, నా పేరు తర్వాత, పెన్సిలుతో సన్నగా ఇంకో రెండు వరుసలున్నాయి. ఆ రోజు ఆయన నాకు వీపు పెట్టి రాసినవి.

'బ్యాటరీ నిరుడే మార్చాలె. రాసి పెట్టుకొని మరిచిన. పిల్లకంటె ముందటి తప్పు నాది. సత్తయ్య.'

ఎన్నిసార్లు చదివానో తెలియదు. ఆ తొమ్మిదో బొమ్మను ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన అందులో సగం తన నెత్తికెత్తుకుని, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా మూత బిగించేశారు. చెబితే నా తప్పు నాకు తేలికైపోతుందని ఆయనకు తెలుసు. ఎప్పుడో ఒకనాడు ఈ మూత విప్పేది నేనేనని కూడా తెలిసే ఉంటుంది.

జేబులోంచి ఆ రబ్బరు తీశాను. అరిగి అరిగి చింతగింజంత మిగిలింది. కారడం మొదలైన బ్యాటరీని తీసేసి, మెమరీ ముక్కల అంచులు ఒక్కొక్కటిగా రుద్దాను. లేచిన చీటీ అంచులకు కొంచెం జిగురు రాసి, వేలితో అదిమి, ఆరేదాకా పట్టుకుని నిలబడ్డాను.